మనీలా వెళ్లొచ్చి పది రోజులైంది, ఇంకా అలసట తీరలేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

సుజాత_కాకినాడ

అందరికీ నమస్కారం అండి. మా అమ్మాయి మనీలాలో మెడిసిన్ చదువుతోంది, మూడో సంవత్సరం. తనని చూడటానికి అక్టోబర్‌లో మొదటిసారి వెళ్లాను, తొమ్మిది రోజులు. కాకినాడ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి కౌలాలంపూర్, అక్కడ ఏడు గంటలు కుర్చీలో కూర్చుని, మళ్లీ నాలుగు గంటలు విమానం. దిగేసరికి కాళ్లు వాచిపోయాయి. ఆ అలసట రెండు రోజులు నిద్రపోతే తీరిపోయింది. నేను అడుగుతున్నది దాని గురించి కాదు.

మనీలా మహానగరంలోనే ఉన్న మకాటిలో హోటల్ తీసుకున్నాం. పద్దెనిమిదో అంతస్తు. కిటికీలోంచి ఒక పక్క చూస్తే మేడల మీద నీలం రంగు ఈతకొలనులు, ఇంకో పక్క చూస్తే పాసిగ్ నది ఒడ్డున తుప్పు పట్టిన రేకుల ఇళ్లు, వాటి మధ్య కాలు పెట్టడానికి కూడా చోటు లేదు. రెండూ ఒకే కిటికీలో కనిపిస్తాయి. మొదటి రోజు చూసి అయ్యో అనుకున్నాను. మూడో రోజుకి ఆ పక్క కర్టెన్ వేసేశాను. వేసినందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అయిదో రోజు జరిగింది చెప్తాను. ఒక పెద్ద మాల్‌కి వెళ్తున్నాం. అక్కడ సెప్టెంబర్ వస్తేనే క్రిస్మస్ పాటలు మొదలవుతాయి, తలుపు దగ్గరే పాట వినిపిస్తోంది. బయట ఏడెనిమిదేళ్ల పిల్లాడు మల్లెపూల దండలు అమ్ముతున్నాడు. సంపగీత అంటారట, అచ్చం మన మల్లెలే, వాసన కూడా అదే. ప్రాణం లేచొచ్చి రెండు దండలు తీసుకుని వంద పెసోల నోటు ఇచ్చాను. చిల్లర లేదని నోటు పట్టుకుని పరిగెత్తాడు. ఇంతలో వర్షం ముంచుకొస్తే మా అమ్మాయి నన్ను లోపలికి లాగింది. కాసేపటికి గుర్తొచ్చి గాజు తలుపులోంచి చూస్తే, వాడు రోడ్డు అవతల తడుస్తూ నిలబడి, నా చిల్లర ఉన్న చేతిని పైకెత్తి చూపిస్తున్నాడు. గార్డు వాడిని తలుపు దాకా రానివ్వడం లేదు. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డాడో. బయటికి వెళ్లి తీసుకున్నాను, వద్దంటే కూడా లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను గది దాటి బయటికి రాలేకపోయాను. జ్వరం లేదు, ఒళ్లునొప్పులు లేవు. ఊరికే పడుకున్నాను. మా అమ్మాయికి కోపం వచ్చింది, "ఆరు రోజులకే నీకిలా అయితే నేను ఇన్నేళ్లుగా ఎలా ఉంటున్నాననుకున్నావ్ అమ్మా" అంది. దానికి జవాబు చెప్పలేకపోయాను.

నేను స్కూల్ టీచర్‌ని, ఇరవై రెండేళ్ల సర్వీసు. పేదరికం నాకు కొత్త కాదు, నా క్లాసులోనే ఉంటుంది. మరి అక్కడెందుకు ఇలా అయిందో అర్థం కావడం లేదు. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

వెంకట్_మకాటి

సుజాత గారూ, నేను ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాను, మకాటిలోనే ఉద్యోగం. మీకు జరిగింది నాకు మొదటి ఏడాదంతా జరిగింది, కాబట్టి మీలో ఏదో లోపం ఉందనుకోకండి.

ఈ ఊరు ఎందుకింత అలసట పుట్టిస్తుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఇక్కడ ప్రతిదానికీ ఒక తలుపు ఉంటుంది, ప్రతి తలుపుకీ ఒక గార్డు ఉంటాడు. మాల్, బ్యాంకు, ఆఫీసు, మందుల షాపు, చివరికి డోనట్ కొట్టు కూడా. చిన్న కర్రపుల్లతో మీ బ్యాగు తెరిచి చూసి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటాడు. లోపల స్వెటర్ కావాల్సినంత చలి, బయట ఉక్కపోత. రోజుకి ఇరవైసార్లు ఆ గీత దాటుతాం. దాటిన ప్రతిసారీ నన్ను రానిచ్చారు, వాళ్లని రానివ్వలేదు అని ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. మనసుకి తెలియకపోయినా ఒంటికి తెలుస్తుంది.

మన వాళ్లు వచ్చినప్పుడు బీజీసీకి, అంటే బోనిఫాసియో గ్లోబల్ సిటీకి తీసుకెళ్తాను కదా, సింగపూర్‌లా ఉందే అంటారు. అది ఒకప్పుడు ఫోర్ట్ బోనిఫాసియో అనే సైనిక స్థావరం, అంతకుముందు అమెరికన్ల కాలంలో ఫోర్ట్ మెకిన్లీ. 1995లో ఆ భూమిలో పెద్ద భాగాన్ని ప్రైవేటు కంపెనీల కూటమికి అమ్మేశారు. ఇప్పుడక్కడ చెట్లు, విశాలమైన ఫుట్‌పాత్‌లు, గోడల మీద బొమ్మలు. కానీ జీప్నీలు, అంటే మామూలు జనం ఎక్కే షేర్ జీపులు, లోపలికి రావు. అక్కడ పనిచేసే స్వీపర్, వంటవాడు, సేల్స్ అమ్మాయి బయట దిగి వేరే బస్సు పట్టుకుని లోపలికి రావాలి. సాయంత్రం ఆరింటికి ఆ బస్సుల క్యూ చూస్తే తెలుస్తుంది ఊరు ఎవరి మీద నడుస్తోందో.

ఇంకొక్క మాట. ఆ గార్డుని తిట్టుకోకండి. మనీలాలో కనీస వేతనం 2025 జులైలో రోజుకి 695 పెసోలు చేశారు, మన లెక్కలో వెయ్యి రూపాయల చిల్లర. గార్డులు చాలామంది రోజుకి 12 గంటలు నిలబడతారు. మాల్ షాపుల్లో సేల్స్ పని చేసే అమ్మాయిలు, అబ్బాయిలదీ అలాంటి కష్టమే. ఆరు నెలలు దాటితే పర్మనెంట్ చేయాలని చట్టం ఉంది, అందుకని అయిదు నెలలకే తీసేసి కొత్తవాళ్లని పెట్టుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, దాన్ని ఇక్కడ 'ఎండో' అంటారు. ఆ పిల్లాడిని ఆపిన మనిషి, డ్యూటీ దిగాక మీరు కర్టెన్ వేసుకున్న వైపుకే వెళ్లి ఉండొచ్చు.

ప్రసాద్_వైజాగ్

నేను ముక్కుసూటిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. నేను భార్యాపిల్లలతో పోయిన డిసెంబర్‌లో ఫిలిప్పీన్స్ వెళ్లాను. 2025 జూన్ నుంచి మనకి 14 రోజులకి వీసా అక్కర్లేదు కదా, అందుకే ధైర్యం చేశాం. మనీలాలో ఒక్క రాత్రి ఉండి బొహోల్ దీవికి వెళ్లిపోయాం. చాక్లెట్ హిల్స్, సముద్రం, పిల్లలు ఎంత సంతోషపడ్డారో. రెండేళ్లు చీటీ కట్టి కూడబెట్టిన డబ్బుతో వెళ్లినవాడిని నేను. ఆ డబ్బుతో వెళ్లి కూడా బాధపడి రావాలా? పేదరికం విశాఖలో లేదా, హైదరాబాద్‌లో లేదా? అక్కడికెళ్లి అదే చూసి దిగులు పెట్టుకుంటే ఆ పిల్లాడికి ఒరిగేదేమీ లేదు. మేడమ్ గారు ఈసారి అమ్మాయిని తీసుకుని ఏదైనా దీవికి వెళ్లండి, మనసు కుదుటపడుతుంది.

నరసింహ_సికింద్రాబాద్

ప్రసాద్ భాయ్, మీరు కష్టపడి కూడబెట్టుకున్న డబ్బుతో సంతోషంగా తిరగడంలో తప్పేమీ లేదు. కానీ "హైదరాబాద్‌లో లేదా" అన్నారు కదా, అక్కడ ఆగుదాం.

ఉంది. మనకి కనిపించకుండా చేసే ఏర్పాటు కూడా ఉంది. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు గుర్తుందా, సిటీలో అడుక్కోవడం మీద రెండు నెలలు నిషేధం పెట్టి, సిగ్నళ్ల దగ్గర ఉన్నవాళ్లని ఎత్తుకెళ్లి జైలు ఆవరణల్లోని షెల్టర్లలో పెట్టారు. మనీలాలో 2015 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ వచ్చినప్పుడు కూడా రోడ్డు మీద బతికే కొన్ని కుటుంబాలని ఊరికి దూరంగా ఒక రిసార్ట్‌కి తరలించారు. ఊళ్లు వేరే, పని ఒక్కటే.

మన ఊళ్లో మనకెందుకు అంత బాధ తగలదంటే, నాకనిపించేది ఇది. సిగ్నల్ దగ్గర దువ్వెనలు అమ్మే అమ్మతో మన భాషలో ఒక మాట అనొచ్చు, "ఎంతమ్మా" అని అడగొచ్చు, బేరం చేయొచ్చు. ఆ మాట మధ్యలో ఉండటం వల్ల కొంచెం భారం దిగుతుంది. ఇంకా నిజం చెప్పాలంటే ముప్పై ఏళ్లుగా చూసి చూసి కళ్లకి పొర కమ్మింది. కొత్త ఊళ్లో ఆ పొర ఉండదు, భాషా ఉండదు. సుజాత గారు చూసింది మనీలానే, కానీ నాకు మాత్రం అది చదువుతుంటే బేగంపేట ఫ్లైఓవర్ గుర్తొచ్చింది.

మనీలా అంటే ఇంకో సంగతి. మేడమ్ టీచర్ అన్నారు కాబట్టి చెప్తున్నా. రోక్సాస్ బులవార్డ్ మీద, మెగసెసే అవార్డు ఇచ్చే సంస్థది, రామన్ మెగసెసే సెంటర్ బిల్డింగ్ ఉంది. పిల్లలని పనిలోంచి తీసి బడిలో వేయించినందుకు మన శాంతా సిన్హా గారికి 2003లో ఆ అవార్డు వచ్చింది. మనుషుల చేత పాయఖానాలు ఎత్తించే పనికి వ్యతిరేకంగా పోరాడిన బెజవాడ విల్సన్ గారికి 2016లో వచ్చింది. ఆ ఊళ్లో నిలబడి మన వాళ్లు మాట్లాడింది కూడా ఇదే విషయం కదా.

మెడికో_మనీలా

ఆంటీ, నేనూ ఇక్కడే మెడిసిన్ చదువుతున్నాను, మాది ఖమ్మం. మీ అమ్మాయి అన్న మాట చదివి నాకు ఏడుపొచ్చింది.

మాకు కమ్యూనిటీ పోస్టింగ్ ఉంటుంది, బరంగాయ్ హెల్త్ సెంటర్‌కి పంపుతారు. బరంగాయ్ అంటే మన వార్డు లాంటిది. నాది టొండో అనే పేదల ప్రాంతం పక్కన పడింది. అక్కడ స్మోకీ మౌంటెన్ అని చెత్త గుట్ట ఉండేది, నలభై ఏళ్లకి పైగా ఊరి చెత్తంతా అక్కడే పోశారు, ఎప్పుడూ లోపల కాలుతూ పొగ వచ్చేది కాబట్టి ఆ పేరు. 1995లో మూసేశారు. చెత్త క్వెజాన్ సిటీలోని పయాటస్‌కి వెళ్లింది. 2000 జులై 10న వర్షాలకి ఆ గుట్ట కూలి కింద ఉన్న ఇళ్ల మీద పడింది, 200 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే చెత్త మీద కొత్త చట్టం వచ్చింది.

టొండోలో హ్యాపీల్యాండ్ అని ఒక పేట ఉంది. పేరు వినగానే ఆనందం అనుకుంటాం, కానీ చెత్తకుప్ప అనే అర్థం ఉన్న విసాయన్ భాష మాట 'హపిలాన్' నుంచి వచ్చిందంటారు. అక్కడ 'పగ్‌పగ్' తింటారు. ఫాస్ట్‌ఫుడ్ షాపులు పారేసిన చికెన్ ముక్కలని ఏరి, దులిపి, కడిగి, మళ్లీ ఉడికించి అమ్ముతారు. పగ్‌పగ్ అంటేనే దులపడం. ఒక అమ్మమ్మ చిన్న ప్లేటులో పెట్టి నాకు ఇవ్వబోయింది, డాక్టరమ్మ పొద్దున్నుంచీ తినలేదని. నేను మాంసం తినను అని చెప్పాను. అబద్ధం చెప్పాను ఆంటీ. ఆ రోజు హాస్టల్‌కొచ్చి నేనూ పడుకుండిపోయాను, మీలాగే.

టీబీ ఎక్కువ. ఇండియా, ఫిలిప్పీన్స్ రెండూ టీబీ ఎక్కువున్న దేశాల జాబితాలో ఉన్నవే. పుస్తకంలో 'గాలి ఆడని ఇరుకు ఇల్లు' అని ఒక లైను చదువుతాం. ఒకే గదిలో తొమ్మిది మంది వంతులవారీగా నిద్రపోవడం కళ్లతో చూశాక ఆ లైను వేరేగా కనిపిస్తుంది.

అన్నిటికంటే నన్ను కదిలించింది స్మశానాలు. మనీలా నార్త్ సిమెట్రీలో సమాధుల మధ్యే వేలమంది కాపురం ఉంటారు, సమాధి మీదే పడక, అక్కడే పిల్లల హోంవర్క్. దాని పక్కనే చైనీస్ సిమెట్రీ. అక్కడ చనిపోయినవాళ్లకి మేడలు కట్టారు, కొన్నిట్లో ఏసీ, వంటగది, బాత్రూం కూడా ఉన్నాయి. నాకు దాని గురించి ఇంకేం చెప్పాలో తెలియదు.

ఒక్కటే కోరిక. మన తెలుగు వాళ్లు కొందరు టొండోకి వచ్చి ఫోన్ పైకెత్తి వీడియోలు తీసుకుంటున్నారు. దయచేసి అలా చేయొద్దు. అక్కడి పిల్లలకి అర్థమవుతుంది.

లక్ష్మి_సింగపూర్

మా ఇంట్లో పదేళ్లు పనిచేసిన ఆవిడ ఫిలిప్పీన్స్ మనిషి. మా పిల్లలు ఆవిడ చేతుల్లోనే పెరిగారు. ఆదివారం వస్తే ఆర్చర్డ్ రోడ్డులో లక్కీ ప్లాజాకి వెళ్లి డబ్బు పంపి, పెద్ద అట్టపెట్టెలో సబ్బులు, చాక్లెట్లు, పిల్లల బట్టలు సర్దేది. పోయినేడు మేం మనీలా వెళ్లినప్పుడు వాళ్లింటికి రమ్మంది. రెండు గదులు కట్టారు, మూడో గదికి ఇనప చువ్వలు పైకి నిలబడి ఉన్నాయి. గోడ మీద ఆమె కూతురి స్కూలు ఫోటోలు వరసగా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ తల్లి లేదు. ఆ పదేళ్లూ ఆవిడ మా ఇంట్లో ఉంది. నా పిల్లల ప్రతి పుట్టినరోజు ఫోటోలోనూ ఆవిడ ఉంది.

కోటి మంది దాకా ఫిలిప్పీన్స్ వాళ్లు బయట దేశాల్లో ఉన్నారంటారు. మనీలాలో నేను చూసిన ఆ అంతరం కొంత నా ఇంట్లో కూడా ఉందని అప్పుడే తెలిసింది. సుజాత గారూ, నాకైతే ఆ అలసట ఇంకా తీరలేదు.

ప్రసాద్_వైజాగ్

అందరివీ చదివాను. నా మొదటి పోస్ట్ కొంచెం దురుసుగా ఉంది, క్షమించండి సుజాత గారూ. దీవికి వెళ్లడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ ఒకటి అడగాలి. ఎయిర్‌పోర్టు దారిలో సిగ్నల్ దగ్గర పిల్లలు కారు అద్దం తుడిచి చెయ్యి చాపారు. మా చిన్నది "నాన్నా ఇవ్వు" అంది, డ్రైవర్ ఇవ్వొద్దన్నాడు, నేను ఇవ్వలేదు. అది ఇప్పటికీ అడుగుతుంది ఎందుకివ్వలేదని. ఇవ్వాలా వద్దా?

వెంకట్_మకాటి

ప్రసాద్ గారూ, 1978 నాటి చట్టం ప్రకారం ఇక్కడ రోడ్డు మీద భిక్ష వేసేవాళ్లకి కూడా జరిమానా ఉంది, డ్రైవర్ అందుకే అని ఉంటాడు. ఎవరూ వసూలు చేయగా నేను చూడలేదు. నేను చేసేదేంటంటే, ఏదైనా అమ్ముతుంటే కొంటాను, బేరం ఆడను. తినడానికి ఏమైనా ఉంటే ఇస్తాను. ఇది సరైన జవాబు అని చెప్పను.

ఇక్కడ మనల్ని ఎలా చూస్తారో కూడా తెలుసుకోవాలి. ఇండియన్ కనిపిస్తే 'బుంబాయ్' అంటారు. దశాబ్దాలుగా మన దేశం వాళ్లు, ఎక్కువగా పంజాబీలు, మోటార్‌సైకిల్ మీద వీధి వీధీ తిరిగి అప్పులిస్తారు. దాని పేరు 'ఫైవ్ సిక్స్'. అయిదిస్తే ఆరు కట్టాలి, రోజువారీ వసూలు. పిల్లలు అన్నం తినకపోతే బుంబాయ్ ఎత్తుకెళ్తాడని తల్లులు భయపెడతారు. కూరగాయల బండివాళ్లకి బ్యాంకు అప్పివ్వదు, కాబట్టి వీళ్లే దిక్కు. 2015లో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ వడ్డీ దందా గుర్తొస్తుంది నాకు. అంటే అక్కడ రేకుల ఇంట్లో ఉన్నామె నన్ను చూసినప్పుడు, ఆమెకి నేను జాలిపడే టూరిస్టుని కాదు, అప్పు వసూలుకొచ్చినవాడిని. ఇది తెలిశాక నేను నడిచే తీరు మారింది.

మంచిది కూడా చెప్పాలి. 2021 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ అప్పుడు క్వెజాన్ సిటీలో మాగిన్‌హవా వీధిలో ఒక అమ్మాయి చిన్న వెదురు బండి పెట్టి బియ్యం, కూరలు ఉంచింది. చేతనైనంత ఇవ్వండి, అవసరమైనంత తీసుకోండి అని అట్టముక్క మీద రాసింది. కొద్ది రోజుల్లోనే దేశమంతా వందల కొద్దీ అలాంటి బండ్లు వెలిశాయి. మా వీధిలో కూడా పెట్టారు. ట్రైసికిల్ నడిపేవాళ్లు మూడు గుడ్లు తీసుకుని, మర్నాడు రెండు అరటిపళ్లు తెచ్చి పెట్టడం నేను చూశాను. అక్కడ గార్డు లేడు, తలుపు లేదు.

నరసింహ_సికింద్రాబాద్

వెంకట్ గారూ, ఒక్క సందేహం. మేడమ్‌లాంటి వాళ్లు మళ్లీ వెళ్తే ఈ అలసట తగ్గడానికి ఏదైనా పద్ధతి ఉందా? మీకెలా తగ్గింది?

వెంకట్_మకాటి

పూర్తిగా తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. జీప్నీ ఎక్కడం మొదలుపెట్టాక మాత్రం తేడా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికన్లు వదిలేసిన జీపులని పొడుగు చేసి తయారుచేసిన బండ్లు అవి. ఎదురెదురుగా రెండు బల్లలు, మోకాళ్లు తగులుతుంటాయి. కండక్టర్ ఉండడు. వెనక కూర్చున్నవాళ్లు "బయాద్ పో" అని డబ్బులు అందిస్తే పక్కవాళ్లు, ఆ పక్కవాళ్లు, అలా చేతులు మారి డ్రైవర్‌కి చేరతాయి. చిల్లర మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తుంది. నేను ఎక్కడం మొదలుపెట్టినప్పుడు నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, ఆరేళ్లలో ఒక్క పెసో కూడా పోలేదు. వాటిని తీసేసి కొత్త బండ్లు కొనమని 2017 నుంచి ప్రభుత్వం ఒత్తిడి చేస్తోంది. కొత్తది 20 లక్షల పెసోల పైమాటే, డ్రైవర్లు ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే సమ్మెలు. ఉన్నప్పుడే ఎక్కండి.

సుజాత_కాకినాడ

అందరికీ ధన్యవాదాలండి. నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాను.

మెడికో అమ్మా, నువ్వు అబద్ధం చెప్పానన్నావు. ఆ అమ్మమ్మ మనసు నొచ్చుకోకుండా చెప్పావు. ఇంట్లో అమ్మకి ఈ సంగతులు చెప్తున్నావా? మా అమ్మాయి నాకు ఏదీ చెప్పలేదు. ఫోన్ చేస్తే తిన్నాను, చదువుకుంటున్నాను అంటుంది, అంతే. నిన్న రాత్రి నేనే అడిగాను, నీ పోస్టింగ్ ఎక్కడ పడింది, అక్కడ ఏం చూశావు అని. గంటన్నర మాట్లాడింది. ఈ మూడేళ్లలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

వెంకట్ గారు తలుపుల గురించి రాసింది చదివాక నాకు ఒకటి అర్థమైంది. నేను తొమ్మిది రోజులూ హోటల్, కారు, మాల్, మళ్లీ కారు. తలుపుకి లోపలే ఉన్నాను. మా అమ్మాయి ఉండే గదికి కూడా ఒక్క పూటే వెళ్లాను, ఇరుకుగా ఉందని. అక్కడ కింద సారి సారి అని చిన్న కిరాణా కొట్టు ఉంది, ఇనప ఊచల వెనక నుంచి షాంపూ ప్యాకెట్లు, ఒక్కొక్క సిగరెట్టు, గ్లాసుడు నూనె అమ్ముతుంది ఒక పెద్దావిడ. మా ఊళ్లో సందు చివర కొట్టులాగే ఉంది. ఆవిడ నన్ను చూసి నవ్వింది, నేను కారు వచ్చిందని వెళ్లిపోయాను. ఇప్పుడు అది గుర్తొస్తోంది.

ప్రసాద్ గారూ, మీరేమీ తప్పుగా అనలేదు. మీ పాప మళ్లీ అడిగితే, నాకూ తెలియదమ్మా అని చెప్పండి. పిల్లలు ఆ మాట ఒప్పుకుంటారు, నా క్లాసులో చూశాను.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి హోటల్ వద్దనుకున్నాం, అమ్మాయి గదిలోనే చాప వేసుకుని పడుకుంటాను. జీప్నీ ఎక్కుతాను. మెడికో అమ్మా, డబ్బులిచ్చేటప్పుడు బయాద్ పో అనాలని తెలిసింది, మరి దిగాల్సిన చోట ఆపమనడానికి ఏమనాలి?

మెడికో_మనీలా

"పారా పో" అనాలి ఆంటీ. గట్టిగా అనాలి, ఇంజన్ చప్పుడులో డ్రైవర్‌కి వినపడదు. వినపడకపోతే పక్కవాళ్లే మీ తరఫున అరుస్తారు.